మామగారి పేరు, కోడలి భాష

దక్షిణాఫ్రికా ఖోసా ఇళ్లలో తరతరాలుగా నలుగుతున్న ‘హ్లొనీఫ’ అనే మాట కథ

కొత్త కోడలు అత్తింట అడుగుపెట్టింది. మామగారి పేరు థెంబా అనుకుందాం. ఖోసా భాషలో ‘ఇథెంబా’ అంటే ఆశ. ‘ఉకుథెంబా’ అంటే నమ్మడం. ‘ఉకుథెంబిసా’ అంటే మాట ఇవ్వడం. పాత పద్ధతి పాటించే ఇల్లయితే, ఆ రోజు నుంచి ఆమె తన ఆశ గురించి చెప్పుకోవాలన్నా, ఒకరిని నమ్మానని అనాలన్నా, రేపు తప్పకుండా వస్తానని పొరుగింటామెకు మాట ఇవ్వాలన్నా వేరే మాటలు వెతుక్కోవాల్సిందే. మామగారు ఎదురుగా ఉన్నారా, ఊళ్లోనే లేరా అన్నదాంతో పని లేదు. ఆయన కాలం చేసినా కట్టుబాటు పోదు. పేరొక్కటే కాదు, ఆ పేరులోని అక్షరాలు మరో మాటలో వినిపించినా తప్పే. పైగా ఇంట్లో ఉన్నది మామగారొక్కరే కాదు. ఆయన తండ్రి, ఆయన అన్నదమ్ములు, అత్తగారు... ఒక్కో పేరుతో కొన్ని మాటలు పోతుంటే కోడలి దగ్గర మిగిలే భాష ఎంత?

ఆశ్చర్యం ఏమిటంటే, ఆమె భాష తరగలేదు. పోయిన ప్రతి మాటకూ మరో మాట తెచ్చుకుంది. ఉన్న మాటను కాస్త వంచింది, పక్క భాషలో అడిగి తెచ్చుకుంది, ఏదీ దొరక్కపోతే తానే కొత్తది పుట్టించింది. ఈస్టర్న్ కేప్ పల్లెల్లో కోడళ్లు ఇలా కూడబెట్టిన మాటలకు ‘ఇసిహ్లొనీఫొ సబఫాజి’ అని పేరు. ఆడవాళ్ల గౌరవ భాష అని అర్థం. దానికి మూలం ‘హ్లొనీఫ’ అనే క్రియ. గౌరవించు, మర్యాద పాటించు అని నిఘంటువు చెబుతుంది.

ఖోసా, జులూ సంస్కృతుల నుంచి ప్రపంచమంతా తిరిగిన మాట ‘ఉబుంటు’. కంప్యూటర్ల పుణ్యమా అని మన కుర్రాళ్లకూ అది తెలుసు. కానీ ఆ సమాజం ఇంటి లోపల ఎలా నడుస్తుందో, అక్కడ ఎవరు ఎవరి ముందు తల వంచుతారో తెలియాలంటే ‘హ్లొనీఫ’ దగ్గరకు రావాలి. ఖోసా భాషకు ఇంత పేరు తెచ్చిన, నాలుకతో చేసే క్లిక్ శబ్దాల వెనక కూడా ఈ కోడళ్లే ఉన్నారని వాదించే పండితులున్నారు. ఆ మాట నిజమైతే, ఒక భాష రూపురేఖల్నే ఆడవాళ్లు వంటింట్లో మార్చేశారన్నమాట.

నాలుక పెట్టే చోటు

ముందు మాటను సరిగ్గా పలకడం చూద్దాం. తెలుగు లిపిలో ‘హ్ల’ అని రాయక తప్పదు గానీ, మన ఆహ్లాదంలోని, ప్రహ్లాదుడిలోని ‘హ్ల’ ఇది కాదు. మనకది రెండు శబ్దాలు. నోరు తిరక్క చాలామంది ‘ఆల్హాదం’ అనేస్తారు కూడా. ఖోసాలో అది ఒకటే శబ్దం. ‘ల’ అనబోతున్నట్టుగా నాలుక కొసను పైపళ్ల వెనక చిగురుకు ఆనించండి. అక్కడే ఉంచండి. గొంతు మోగనివ్వకుండా గాలిని గట్టిగా వదలండి. నాలుకకు అటూ ఇటూ, దంతాలను రాసుకుంటూ బుసలాంటి చప్పుడు వస్తుంది. గొంతు మీద వేలు పెట్టి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. వేలికి అదురు తగిలితే మీరు పలికింది తెలుగు ‘ల’, తగలకపోతే ఖోసా ‘హ్ల’. బ్రిటన్‌లో వెల్ష్ మాట్లాడేవాళ్లకూ ఈ శబ్దం ఉంది.

తర్వాత ‘ఒ’ పొట్టిగా, ‘నీ’ సాగదీసి. ఖోసాలో చివరి నుంచి రెండో అక్షరాన్ని సాగదీయడం రివాజు. ఆఖరున వచ్చే ‘ఫ’ దగ్గర మనకు ఇబ్బందే లేదు. రోమన్ లిపిలో పీహెచ్ చూసి ఇంగ్లిషువాళ్లు ‘ఫ్యాన్’లో ధ్వని పలుకుతారు. అది తప్పు. పెదాలు రెండూ కలిపి ‘ప’ను ఒత్తి పలికే ఫకారం ఇది. పాతకాలపు పంతుళ్లు ‘ఫలము’ అని పలికించేవాళ్లే, అదీ. ఒత్తులు ఖోసాలో అలంకారం కాదు, అర్థాన్నే మార్చేస్తాయి. అక్కడ ‘తాతా’ అంటే నాన్న. అదే ఒత్తి ‘థాథా’ అంటే తీసుకో అని. దీనికి తోడు అక్షరం హెచ్చు స్థాయిలో పలకాలా, తగ్గులో పలకాలా అన్న స్వరభేదం కూడా ఉంది. అది కాగితం మీద రాసి నేర్పేది కాదు, విని పట్టుకోవాల్సిందే.

క్రియ నుంచి నామవాచకం చేసేటప్పుడు ముందు నకారం వచ్చి చేరుతుంది. అప్పుడు ‘హ్ల’ గట్టిపడి ‘ట్ల’ అవుతుంది. అలా ‘ఇంట్లొనీఫొ’ అంటే గౌరవం. దీని పక్కనే ‘ఈంట్లొని’ అనే మాట ఉంది. సిగ్గు, బిడియం అని దాని అర్థం. రెండూ ఒకే చెట్టు కొమ్మలు. గౌరవం అన్నది లోపలి భావన మాత్రమే కాదు, బయటికి కనిపించాల్సిన బిడియం అనే లెక్క ఇందులో ఉంది. అదే మూలం నుంచి ‘ఒహ్లొనిఫెకీలెయో’ అనే మాట కూడా వచ్చింది. పార్లమెంటులో ‘గౌరవనీయ సభ్యుడు’ అనడానికి వాడేది అదే. సభలో కూర్చున్నవాళ్లకు ఆ మాట బిరుదైతే, ఇంట్లో వంగి నడిచే కోడలికి అదే విధి. నాకు ఈ మాట మీద ఆసక్తి పుట్టింది ఈ తేడా దగ్గరే.

‘హ్ల’ పలకడం వచ్చేసిందంటే నెల్సన్ మండేలా అసలు పేరు కూడా పలికేయొచ్చు. 1918 జులై 18న మ్వెజో అనే ఊళ్లో పుట్టిన ఆ బిడ్డకు తండ్రి పెట్టిన పేరు రోలిహ్లాహ్లా. మొదటి అక్షరం ‘ర’ అని రాస్తారు గానీ, ఉర్దూలో ‘ఖబర్’, ‘ఖుదా’ అన్నప్పుడు గొంతులో గీసుకునే ‘ఖ’ అది. తర్వాత రెండుసార్లు ‘హ్ల’. చెట్టు కొమ్మను పట్టి లాగేవాడు అని అక్షరార్థం, వాడుకలో అల్లరివాడు అని. నెల్సన్ అన్నది కూను ఊరి బడిలో మొదటిరోజు టీచరమ్మ మిస్ మ్డింగానె తగిలించిన పేరు.

గడప, పశువుల దొడ్డి, పాలు

మాటల్లో మర్యాద ఒంటరిగా రాదు. కోడలి ఒంటి మీదా, నడిచే దారి మీదా, కంచంలోనూ అది ఉంటుంది. ఖోసా కోడలిని ‘ఉమ్‌ట్షకాజి’ అంటారు. పట్నాల్లో ‘మకోతి’ అన్న మాట ఎక్కువ వినిపిస్తుంది. తలకు ‘ఇకియా’ అనే గుడ్డ నుదుటి మీదికి దించి కట్టుకుంటుంది. ఆ ‘కి’ని నాలుకతో కొట్టి పలకాలి. పొడవాటి పావడా, భుజాల చుట్టూ శాలువా లేదా దుప్పటి. తల విప్పి, భుజాలు విప్పి మామగారి కంట పడకూడదు.

ఇంటికి ఎదురుగా ‘ఉబుహ్లాంటి’ ఉంటుంది. పశువుల దొడ్డి. పేడ, పశువులు ఉండే చోటే కదా అనుకోకూడదు. వంశంలోని పెద్దల ఆత్మలు అక్కడ ఉంటాయని నమ్మకం. ఇంటి పెద్దలు వాళ్లతో మాట్లాడేది అక్కడే, బలి ఇచ్చేది అక్కడే. దొడ్డికీ ఇంటికీ మధ్య ఉండే వాకిలి ‘ఇన్‌కుండ్లా’. కోడలు ఆ వాకిలికి అడ్డంగా నడవకూడదు. నీళ్ల కుండతో వస్తున్నా సరే, ఇంటి వెనక నుంచి చుట్టు తిరిగి రావాలి. పుట్టి పెరిగిన ఆడపిల్లకు లేని ఆంక్ష, బయటి నుంచి వచ్చిన కోడలికి ఉంటుంది. ఎందుకంటే ఆ పెద్దలు ఆమెకింకా కొత్త.

పాల సంగతి కూడా అంతే. ‘అమాసి’ అంటే పులిసిన పాలు, మన పెరుగుకు దగ్గరగా ఉంటుంది. అది వంశానికి చెందిన పశువుల సంపద. కోడలు తనంతట తాను తీసుకుని తాగకూడదు. ‘ఉట్సికి’ అనే తంతు జరిపి, మేకను కోసి, ఆమెకు మాంసమూ పాలూ రుచి చూపించాక గానీ ఆ ఇంటి మనిషి కాదు. ఆ పెళ్లితంతుల్లోనే కొత్త పేరు పెడతారు. చాలావరకు ‘నో’ అనే అక్షరంతో మొదలయ్యే పేర్లు. అత్తింటివాళ్లు తమ ఆశనో, కోరికనో ఆ పేరులో పెడతారు. ఎప్పుడూ మంచి మనసుతోనే పెడతారని లేదు. రచయిత్రి సిండీవే మగోనా 1998లో రాసిన ‘మదర్ టు మదర్’ నవలలో మండీసా అనే అమ్మాయికి అత్తింటివాళ్లు ‘నోహెహాకే’ అని పేరు పెడతారు. ‘హెహాకే’ అన్నది విస్తుపోయినప్పుడు నోటి నుంచి వచ్చే కేక. ‘ఇదేం చోద్యమమ్మా’ అన్నట్టు. పెళ్లికి ముందే గర్భవతి అయిన పిల్లకు జీవితాంతం మోయాల్సిన పేరుగా దాన్ని తగిలించారు. గౌరవం పేరుతో జరిగే వ్యవహారంలో ఎంత కాఠిన్యం దాగి ఉండగలదో మగోనా ఆ ఒక్క పేరుతో చెప్పేసింది.

ఇంత జరిగినా కోడలి నుంచి ఎవరూ తీసుకోలేనిది ఒకటుంది. అది ‘ఇసిడూకో’, పుట్టింటి వంశనామం. మన దగ్గర పెళ్లితో ఇంటిపేరూ మారుతుంది, గోత్రమూ మారుతుంది. ఖోసా స్త్రీకి వంశనామం మారదు. డ్లామిని వంశంలో పుట్టినామె ఎన్నేళ్లు కాపురం చేసినా, అత్తింట ముసలిదయినా ‘మడ్లామిని’ అనే పిలుపు అందుకుంటుంది. అత్తగారు కోడలిని అలా పిలిస్తే అది మన్నన. తాను బయటి నుంచి వచ్చినదాన్నని ఆ పిలుపు రోజూ గుర్తు చేస్తుంది, తనకంటూ వెనక ఒక వంశం ఉందని కూడా.

మాటకు మారుమాట

పలకకూడని మాట వచ్చినప్పుడు కోడలు ఏం చేస్తుంది? దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భాషావేత్త రోజలీ ఫిన్లేసన్ 1970ల చివరి నుంచి ఈ భాషను దగ్గరగా చూసి రాశారు. ఆమె గమనించిన పద్ధతులు పల్లెటూరి తెలివికి మచ్చుతునకలు. మాటలోని హల్లును తీసేయడం, లేదా దాని స్థానంలో మరో హల్లు పెట్టడం ఒకటి. అదే అర్థం ఉన్న మరో మాట వాడటం ఇంకొకటి. వస్తువు చేసే పనిని బట్టి చుట్టు తిప్పి చెప్పడం మరొకటి. ఆఫ్రికాన్స్ నుంచో, ఇంగ్లిషు నుంచో, సోతో భాష నుంచో అరువు తెచ్చుకోవడమూ ఉంది. వీటన్నిటికీ తోడు ఆ ప్రాంతపు ఆడవాళ్లందరికీ తెలిసిన, ఎవరి మామగారి పేరు ఏదయినా పనికొచ్చే ఉమ్మడి మాటలు కొన్ని స్థిరపడిపోయాయి. కొత్త కోడలికి వీటిని నేర్పేది ఆడపడుచులు, ముందు వచ్చిన కోడళ్లు, అత్తగారు. నోరు జారితే మందలింపు తప్పదు, క్షమాపణ చెప్పుకోవాలి.

ఇందులో ఎంత వ్యాకరణం ఉందో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. మండేలా తండ్రి పేరు గడ్లా హెన్రీ మ్ఫకన్యీస్వా. ‘ఫకమీసా’ అంటే పైకెత్తు. దాన్నే ‘ఎత్తబడు’ అని మార్చినప్పుడు మకారం ‘న్య’గా మారి ‘ఫకన్యీస్వా’ అవుతుంది. పేరులోని రూపం వేరు, రోజూ వాడే క్రియ రూపం వేరు. అయినా పాత పద్ధతి పాటించే కోడలు ఆ రెంటికీ ఉన్న చుట్టరికం పసిగట్టాలి. బిందె ఎత్తమని పిల్లవాడికి చెప్పే లోపే పేరుకూ క్రియకూ బంధుత్వం ఉందని గుర్తొచ్చి, నాలుకను మరో దారి పట్టించాలి. వ్యాకరణం పేరు కూడా వినని పదహారేళ్ల పిల్ల రోజంతా ఈ పని చేస్తుంది. భాషావేత్తలు పుస్తకాల్లో చేసే పదచ్ఛేదాన్ని ఆమె వంట చేస్తూ చేసుకుపోతుంది.

ఇదంతా మనకు మరీ వింతేమీ కాదు. తెలుగు ఇళ్లలో మనవడికి తాతగారి పేరు పెట్టాక, కన్నతల్లి ఆ పేరుతో పిల్లాణ్ని పిలవకుండా ‘బుజ్జీ’ అనో, ‘నానీ’ అనో, ‘అబ్బాయీ’ అనో సరిపెట్టుకోవడం ఈనాటి తాతయ్యలకు బాగా తెలుసు. బడి రిజిస్టరులో ఒక పేరు, ఇంట్లో మరో పేరు ఉన్న మగవాళ్లలో చాలామందికి కారణం ఈ అత్తామామల మర్యాదే. భర్త పేరు అడిగితే పక్కనున్న పిల్ల చేత చెప్పించే ఇల్లాళ్లను చూడని ఊరు మొన్నమొన్నటి వరకూ లేదు. పెళ్లిలో గుమ్మం దగ్గర ఆడపడుచులు ఆపి కొత్తకోడలి చేత మొగుడి పేరు చెప్పించే వేడుకలోని సరదా అంతా, ఇక ముందు ఆ పేరు ఆమె నోట వినపడదన్న ఎరుకలోంచి వచ్చిందే. మన దగ్గర ఆంక్ష పేరు దగ్గర ఆగింది. ఖోసా వాళ్ల దగ్గర పేరులోంచి అక్షరాల్లోకి, అక్షరాల్లోంచి మొత్తం నిఘంటువులోకి పాకింది.

ఖోసా మగవాళ్లకు ఈ మర్యాద అసలు లేదనలేం. అల్లుడు అత్తగారి పేరు పలకడానికి జంకుతాడు. మగపిల్లలు సున్తీ దీక్ష కోసం ఊరికి దూరంగా గుడిసెలో ఉన్నన్నాళ్లూ వాళ్లకూ ప్రత్యేకమైన మాటలుంటాయి. మండేలా 1934లో మ్బాషే నది ఒడ్డున ఆ దీక్ష తీసుకున్నారు, అక్కడే ‘డాలిబుంగా’ అనే పేరు అందుకున్నారు. కానీ కుర్రాడి దీక్ష కొన్ని వారాల్లో ముగుస్తుంది. కోడలి దీక్ష ముగియదు.

క్లిక్కుల పుట్టిల్లు

ఖోసా అనగానే అందరికీ గుర్తొచ్చేవి క్లిక్కులు. గాయని మిరియం మకెబా 1960ల్లో ‘కొంకొత్వానె’ పాటను ప్రపంచ వేదికల మీద పాడినప్పుడు, విన్నవాళ్లు నోటితోనే చేస్తున్న చప్పుడని నమ్మలేకపోయారు. పెళ్లిళ్లలో పాడుకునే పాట అది. దాని అసలు పేరు నోరు తిరగని విదేశీయులు ‘క్లిక్ సాంగ్’ అని పిలుచుకున్నారు.

నిజానికి ఈ శబ్దాలు చేయని తెలుగువాడు లేడు. అయ్యో పాపం అనిపించినప్పుడు నాలుక కొసను పళ్ల వెనక పెట్టి ‘చ్చ్... చ్చ్’ అంటామే, అది ఖోసాలో ఒక హల్లు. ఎద్దులను అదిలించేటప్పుడు బండి తోలేవాడు దవడ పక్క నుంచి చేసే చప్పుడు మరో హల్లు. ‘ఖోసా’ అన్న పేరు మొదటి అక్షరమే అది, వెంట కాస్త హకారం కలిపి. మూడోది నాలుకను అంగిటికి అదిమి ఒక్కసారి కిందికి లాగితే ‘టక్’మని మోగేది, గుర్రం డెక్కల చప్పుడు చేసి చూపించేటప్పుడు పిల్లలు చేసేది. మనకవి భాష బయట మిగిలిపోయాయి, అక్కడ భాషలో అక్షరాలయ్యాయి. ఒత్తి పలకడం, గొంతు మోగించడం, ముక్కుతో పలకడం వంటి మార్పులతో ఈ మూడే 18 హల్లులవుతాయి. 1823లో టైయుమే లోయలో స్కాట్లాండ్ మిషనరీ జాన్ బెన్నీ ఖోసాను అచ్చులోకి తెచ్చే రోజుల్లో, రోమన్ లిపిలో ఖాళీగా ఉన్న సి, క్యూ, ఎక్స్ అక్షరాలు ఈ మూడింటికి దక్కాయి.

అయితే ఖోసా బంటూ కుటుంబపు భాష. ఉత్తరాన ఉన్న దాని చుట్టాలు స్వాహిలీ వంటి భాషల్లో ఈ శబ్దాలు లేవు. ఇవి దక్షిణాఫ్రికాలో అంతకుముందు నుంచీ ఉన్న ఖోయ్‌ఖోయ్, శాన్ ప్రజల భాషల నుంచి వచ్చాయి. దేవుణ్ని పిలిచే ‘థీఖో’ కూడా ఖోయ్‌ఖోయ్ మాటే. కానీ ఒక భాష పక్క భాష నుంచి మాటలు తెచ్చుకోవడం వేరు, హల్లుల్నే తెచ్చుకోవడం వేరు. ఇంత కష్టమైన హల్లులు ఎవరి నోటితో వచ్చాయి?

రాబర్ట్ హెర్బర్ట్ అనే భాషావేత్త 1990లో దీనికి చెప్పిన జవాబు హ్లొనీఫ. వలస వచ్చిన న్గూని పశుపాలకుల, అంటే ఖోసా, జులూల పూర్వీకుల ఇళ్లకు ఖోయ్, శాన్ ఆడపిల్లలు కోడళ్లుగా వచ్చారు. ఖోసా ప్రజల్లో తల్లి వైపు వారసత్వంలో ఆ జాడలు ఉన్నాయని జన్యు పరిశోధనలూ చూపిస్తున్నాయి. కోడలికి మామగారి పేరులోని అక్షరం స్థానంలో మరో అక్షరం కావాలి. క్లిక్ హల్లు ఆ ఇంట్లో ఎవరి పేరులోనూ ఉండదు కాబట్టి అంతకంటే భద్రమైనది మరొకటి లేదు. పుట్టింటి భాషలోని మాట ఎత్తి వాడినా, అత్తింటి మాటలోనే ఒక హల్లు తీసి క్లిక్ పెట్టినా మర్యాద నిలబడుతుంది. పిల్లలు తల్లి మాట వింటూ పెరిగారు. తల్లికి అది ఆంక్ష, పిల్లలకు మాత్రం మాతృభాష.

పక్కనున్న జులూల చరిత్రలో దీనికి కళ్లెదుట కనిపించే సాక్ష్యం ఉంది. అక్కడ రాజు పేరుకు కోడళ్లే కాదు, రాజ్యమంతా హ్లొనీఫ పాటించేది. 1840 నుంచి 1872 వరకు ఏలిన రాజు పేరు మ్పాండె. చెట్టు వేరును ‘ఇంపాండె’ అంటారు. రాజు పేరు పలకకూడదు కాబట్టి వేరుకు మరో మాట వాడుకలోకి వచ్చింది. అది ‘ఇంగ్‌క్సాబో’. మధ్యలో ఉన్నది ఎద్దుల్ని అదిలించే క్లిక్కే.

హెర్బర్ట్ వాదం అన్ని చోట్లా సరిపోదు. ఒకవాంగో నదీ ప్రాంతంలోని యెయీ, మ్బుకుషు వంటి బంటూ భాషల్లోనూ క్లిక్కులున్నాయి. అక్కడి కథ వేరుగా చెప్పుకోవాలి. రెండు జాతులు తరాల తరబడి కలిసి బతికితే, కోడళ్లతో పనిలేకుండా కూడా శబ్దాలు వలస వెళ్తాయి. అయినా ఖోసా, జులూల విషయంలో నాకు హెర్బర్ట్ మాటే నమ్మదగిందిగా తోస్తుంది. శబ్దాలు ఎలా వచ్చాయని మాత్రమే కాక, ఎందుకు కావాల్సి వచ్చాయో చెప్పే వాదం అది.

క్లిక్కుల గొడవ ఈమధ్య క్రికెట్ పుణ్యమా అని మన టీవీల్లోకీ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో పోర్ట్ ఎలిజబెత్ నగరం పేరు మార్చారు. మన పత్రికలు ‘గెబెర్హా’ అని రాస్తున్న ఊరు అదే. 2023 డిసెంబర్‌లో, 2024 నవంబర్‌లో భారత జట్టు అక్కడ టీ20లు ఆడింది. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ రెండింట్లోనూ ఉన్నాడు. వ్యాఖ్యాతలు ఆ పేరు దగ్గరకు వచ్చేసరికి తడబడ్డారు. మొదటి హల్లు గొంతు మోగిస్తూ చేసే ‘టక్’. చివరి ‘ర్హా’ గొంతులో గీసుకునే ‘ఖా’కు దగ్గర. నోరు తిరగని పేరెందుకని అక్కడి తెల్లవాళ్లు కొందరు అప్పట్లో గట్టిగానే అభ్యంతరం చెప్పారు. బాకెన్స్ నదికి ఖోసా వాళ్ల నోట ఉన్న పేరది, వాళ్లకు ఖోయ్‌ఖోయ్ వాళ్ల నుంచి అందింది. ఆ నేల మీద ఇంగ్లిషు మాట వినిపించక ముందే ఆ నీళ్లకు ఆ పేరుంది.

ఎవరు ఎవరిని?

ఈ ఆచారం గురించి రాసేటప్పుడు రెండు వైపులా జారే ప్రమాదం ఉంది. అదొక అందమైన సంప్రదాయమని మురిసిపోవడం సులువు. అదొక అణచివేత అని కొట్టేసి పక్కకు తప్పుకోవడం ఇంకా సులువు. కోడలి నోటికి తాళం వేయడానికే ఈ నియమం పుట్టింది, అందులో సందేహం అక్కర్లేదు. మామగారి పేరు చుట్టూ ఉన్న మాటలన్నీ మానుకున్న మనిషి, రోజుకు వందసార్లు తన స్థానం ఏమిటో తనకు తానే చెప్పుకుంటుంది. మగవాడు ఆ బరువు మోయడు. ఆ తాళం వెనక ఆడవాళ్లు తయారుచేసుకున్న భాష మాత్రం వాళ్ల సొంతం. దాన్ని వాళ్లకు ఏ మగవాడూ ఇవ్వలేదు. ఆ రెండింటినీ విడివిడిగా చూడగలిగితేనే ఈ మాటకు న్యాయం చేసినట్టు.

1998లో దక్షిణాఫ్రికా పార్లమెంటు సంప్రదాయ వివాహాల గుర్తింపు చట్టం తెచ్చింది. 2000 నవంబర్ నుంచి అది అమల్లో ఉంది. ఆచారం ప్రకారం పెళ్లాడిన భార్యకు భర్తతో సమానమైన హోదా, ఆస్తి కొనడానికి, అమ్మడానికి, కోర్టుకెక్కడానికి సొంత హక్కు దానితో వచ్చాయి. అంతకుముందు చట్టం కళ్లకు ఆమె భర్త చాటు మనిషి. కొత్త చట్టం వాకిలి గురించీ, తలగుడ్డ గురించీ, అక్షరాల గురించీ ఏమీ మాట్లాడలేదు. అవి ఇంట్లోవాళ్లు తేల్చుకోవాల్సినవిగానే మిగిలాయి.

తేల్చుకుంటున్నారు కూడా. కేప్ టౌన్ శివారు ఖయెలిత్షాలో పెరిగిన అమ్మాయికి అమ్మమ్మ నాటి హ్లొనీఫ మాటలు పెద్దగా రావు. అక్షరాలు తప్పించడం పోయింది, పేరు తప్పించడం మిగిలింది. మామగారిని ‘తాతా’ (నాన్నా) అంటుంది, అత్తగారిని ‘మామా’ (అమ్మా) అంటుంది, లేదా వాళ్ల వంశనామంతో పిలుస్తుంది. పేరు బదులు వంశనామం వాడటమే ఈనాడు అందరూ పాటించే హ్లొనీఫ. మండేలాను ‘మడీబా’ అని పిలవడంలో ఉన్న మర్యాద అదే. అది ఆయన ముద్దుపేరు కాదు, వంశనామం. రోబెన్ ఐలాండ్ ఖైదీల నుంచి దేశాధ్యక్షుల దాకా ఆయన్ను అలా పిలిచినవాళ్లందరూ, తెలిసో తెలియకో ఖోసా ఇంటి పద్ధతి పాటించినవాళ్లే.

ఖోసా వ్యాకరణంలో క్రియకు ‘అన’ చేరిస్తే ‘ఒకరినొకరు’ అన్న అర్థం వస్తుంది. ‘హ్లొనిఫానా’ అంటే ఒకరినొకరు గౌరవించుకోవడం. ఇది ఎవరో ఈమధ్య కనిపెట్టిన నినాదం కాదు, భాషలో మొదటి నుంచీ ఉన్న రూపమే. కోడలు మామగారి పేరు పలకదు సరే, మామగారు కోడలి దగ్గర దేన్ని మానుకుంటారు అని చదువుకున్న అమ్మాయిలు అడుగుతున్నది ఈ రూపం గురించే.

ఈ ప్రశ్న ఏటా డిసెంబర్‌లో వేడెక్కుతుంది. సెలవులకు కేప్ టౌన్, జొహానెస్‌బర్గ్ నుంచి ఈస్టర్న్ కేప్ ఊళ్లకు వెళ్లే బస్సులు, కార్లు కిటకిటలాడతాయి. నగరంలో నర్సుగా, బ్యాంకు ఉద్యోగిగా, లాయరుగా పనిచేసే స్త్రీ ఊరు చేరేసరికి పొడవాటి పావడాలోకి, తలగుడ్డలోకి మారుతుంది. తెల్లవారుజామునే లేచి నీళ్లు కాచి, పెద్దవాళ్లకు టీ అందించి, చుట్టాలందరికీ వండి వార్చి, అందరూ తిన్నాక తింటుంది. కొందరికి అది ఇష్టం. వంశంలో తనకో చోటు ఉందన్న తృప్తి అందులో దొరుకుతుందంటారు. కొందరికి అది ఏడాదికోసారి వచ్చే శిక్ష. ఊళ్లో ఉండే ఆ కొన్ని రోజుల్లో తాను ఏమేం పాటిస్తుందో, ఏవి పాటించదో, తన పుట్టింటికి వెళ్లినప్పుడు భర్త ఏం పాటించాలో పెళ్లికి ముందే కూర్చుని మాట్లాడుకునే జంటలు ఇప్పుడున్నాయి. ఆ మాటలు కుదరక పెళ్లి మానుకున్నవాళ్లూ ఉన్నారు.